డ్రిఫ్టింగ్, ట్రాక్ డ్రైవింగ్: కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

నైట్‌షిఫ్ట్_స్విఫ్ట్ (హైదరాబాద్)

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు టికెట్ కొనుక్కుని వెళ్లాను. నేను రోజూ బైక్ మీద వెళ్లే రోడ్డు మీద, కాంక్రీటు గోడకి బెత్తెడు దూరంలో ఆ బండ్లు మలుపు తిరుగుతుంటే నిలబడిన చోటే ఉండిపోయాను. అప్పటి నుంచి ఇదే ధ్యాస.

నాకు 26 ఏళ్లు. 2018 స్విఫ్ట్ పెట్రోల్ ఉంది, మాన్యువల్. డ్రిఫ్ట్ (బండిని అదుపులో ఉంచుకుంటూ అడ్డంగా జారిస్తూ నడపడం) నేర్చుకోవాలని ఉంది, ట్రాక్ మీదా నడపాలని ఉంది, ముందు ఏది పట్టుకోవాలో తెలియడం లేదు. మా ఫ్రెండ్స్ కొందరు రాత్రి పన్నెండు దాటాక ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డుకి వెళ్లి హ్యాండ్‌బ్రేక్ లాగి బండి తిప్పుతుంటారు. నేనూ రెండుసార్లు వెళ్లాను. రెండోసారి బండి నేను అనుకున్న చోట ఆగలేదు, వెనక చక్రం డివైడర్‌కి కొట్టుకుని రిమ్ము వంగింది. ఇంట్లో గుంతలో పడిందని చెప్పాను. ఆ అర సెకను స్టీరింగ్ నా చేతుల్లోనే ఉన్నా బండి నా చేతుల్లో లేదు, ఆ సంగతి ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది. సర్వీస్ రోడ్డుకి మళ్లీ వెళ్లదలచుకోలేదు. సరైన పద్ధతిలో నేర్చుకునే దారి చెప్పండి. ఈ వయసులో మొదలుపెడితే ఆలస్యమా?

ఆటోనగర్_షెడ్డు (విజయవాడ)

తమ్ముడూ, ముందు రిమ్ము సంగతి చెప్తా. వంగిన రిమ్ము కొట్టించి అలాగే తిరుగుతుంటే వెనక వైపు మొత్తం ఒకసారి చూపించుకో. నీ బండికి వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే అడ్డ కడ్డీ) ఉంటుంది, పక్క నుంచి అంత దెబ్బ తగిలితే బేరింగు పోవచ్చు, బీమ్ కూడా కాస్త పక్కకి పోవచ్చు. 70, 80 మీద సన్నగా ఊఁ అని మోత వస్తోందంటే బేరింగే. అది సరిచేయించకుండా ఏ ట్రాక్‌కీ పోవద్దు.

ఇక డ్రిఫ్ట్. స్విఫ్ట్‌తో డ్రిఫ్ట్ రాదు. మీ ఫ్రెండ్స్ చేస్తున్నది డ్రిఫ్ట్ కాదు, జారుడు. తేడా ఏంటంటే, డ్రిఫ్ట్‌లో వెనక చక్రాలని ఇంజన్ తిప్పుతూ ఉంటుంది, యాక్సిలరేటర్ ఎంత నొక్కితే వెనక అంత జారుతుంది, ముందు చక్రాలు స్టీరింగ్ పనికి మాత్రమే ఖాళీగా ఉంటాయి. అంటే జారుడు నీ కుడి కాలి కింద ఉంటుంది. స్విఫ్ట్‌లో లాగేదీ తిరిగేదీ రెండూ ముందు చక్రాలే. హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి కాసేపు అడ్డంగా పోతుంది, వేగం చచ్చాక ఆగుతుంది, మధ్యలో నువ్వు చేయగలిగేది దాదాపు ఏమీ లేదు. ఒకటి గుర్తుపెట్టుకో, ముందు చక్రాల బండి వెనక భాగం జారినప్పుడు బ్రేక్ తొక్కితే ఇంకా తిరుగుతుంది, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే ముందుకి లాగి తిన్నగా అవుతుంది. మనసు దీనికి ఉల్టా చెప్తుంది, అందుకే అందరూ కొట్టుకుంటారు.

వెనక చక్రాల బండ్లు మన దగ్గర లేవని కాదు. అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా అన్నీ అవే. ఇప్పటి ఈకో, బొలెరో కూడా వెనక చక్రాలవే. కానీ ఎత్తు బండి అడ్డంగా జారుతూ వెళ్లి చిన్న అంచు తగిలినా పల్టీ కొడుతుంది. పైకప్పు సీటు దాకా దిగిపోయిన బండ్లు మా షెడ్డుకి వచ్చాయి. ఎవడైనా ఈకోతో నేర్పిస్తానంటే దండం పెట్టి వచ్చెయ్.

భీమవరం_బాబాయ్

బాబూ, నాకు రేసుల సంగతి తెలియదు. మా అబ్బాయికి కార్ల పిచ్చి, వాడి కోసం ఇక్కడ చదువుతుంటాను. నువ్వు మళ్లీ వెళ్లనన్నావు, ఆ ఒక్క మాట కోసం రాస్తున్నా. మూడేళ్ల కిందట మా అన్నయ్య కొడుకు బైపాస్ మీద తెల్లవారుజామున నాలుగింటికి, ఎవరూ ఉండరులే అని, ఇలాగే తిప్పబోయి పాల క్యాన్లతో వస్తున్న ఆటోకి తగిలించాడు. మావాడికి గీత కూడా పడలేదు. ఆటో అతనికి తొడ ఎముక విరిగింది. నేనూ మా అన్నయ్యా వాళ్లింటికి వెళితే మంచం పక్కన ఇద్దరు పిల్లలు స్కూలు బట్టల్లో కూర్చుని ఉన్నారు, ఆ రోజు బడికి పంపేవాళ్లు లేక. డబ్బు ఇచ్చాం, ఆస్పత్రి ఖర్చు పెట్టాం. అయినా మా అన్నయ్య ఆ వీధిలోంచి ఇప్పటికీ వెళ్లడు.

నేర్చుకో నాయనా, కానీ రోడ్డు మీద కాదు.

చెన్నై_ల్యాప్‌టైమ్

బాబాయ్ గారూ, మీరు రాసింది మా వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను, ఏమీ అనుకోకండి.

చట్టం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. పబ్లిక్ రోడ్డు మీద రేసులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189, మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 జరిమానా లేదా రెండూ. ప్రమాదకరంగా నడిపితే సెక్షన్ 184. అంతకంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్సు, మామూలు కారు పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకానికి కవరేజీ లేదని రాసే ఉంటుంది, మీ పాలసీ కాగితం తీసి చూసుకోండి. ట్రాక్ మీద జరిగినదానికి కూడా అంతే. కాబట్టి రిపేరు ఖర్చు జేబులోంచి పెట్టుకోగలిగే బండినే ట్రాక్‌కి తీసుకురావాలి. ఈఎమ్ఐ నడుస్తున్న కొత్త బండి వద్దు.

ఇప్పుడు స్విఫ్ట్ తమ్ముడికి. డ్రిఫ్ట్‌కి పనికిరాదన్నారు, నిజమే, కానీ ట్రాక్ నేర్చుకోవడానికి మీ బండి బంగారం. తేలిక, టైర్లు చవక, బ్రేక్ ప్యాడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. హైదరాబాద్ నుంచి మీరు వెళ్లగలిగే రెండు ట్రాక్‌లు చెప్తా. ఒకటి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, పాతవాళ్లు ఇప్పటికీ ఎంఎంఆర్‌టీ అనే అంటారు, 1990 నుంచి ఉంది, 3.7 కిలోమీటర్లు. రెండోది కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే, సుమారు రెండు కిలోమీటర్లు. ఫార్ములా మారుతి రేసు బండి తయారుచేసిన కరివర్ధన్ పేరే దానికి పెట్టారు. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది, 5.125 కిలోమీటర్లు, కానీ కొత్తవాళ్లకి అంత పెద్ద స్ట్రైట్ (మలుపు లేకుండా తిన్నగా పోయే భాగం) అవసరం లేదు. ఆ స్ట్రైట్ చివర చిన్న బండికి బ్రేకులు చాలవు.

మొదటి ట్రాక్ డేలో (సొంత బండిని ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) నాకు జరిగింది చెప్తా. పొద్దున బ్రీఫింగ్‌లో జెండాలు చెప్పారు: పసుపు అంటే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎరుపు అంటే సెషన్ ఆగింది. నలుపు నీకు చూపిస్తే పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటుకి) రా. పసుపు మీద ఎర్ర చారలు ఉంటే ట్రాక్ మీద ఆయిలో ఇంకేదో పడి జారుతోంది. నేను సగం విన్నాను. మూడో సెషన్‌లో నాలుగు ల్యాపులు గట్టిగా కొట్టాక మెయిన్ స్ట్రైట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోయింది. బ్రేక్ ఆయిల్ మరిగిపోయింది. పెడల్ రెండు మూడుసార్లు కొట్టి, గేరు దించి, ఎలాగో గడ్డిలోకి తీసుకెళ్లి ఆపాను. అప్పుడు చూస్తే పసుపు జెండా ఊపుతున్న మార్షల్ (ట్రాక్ పక్కన ఉండే సిబ్బంది) నావైపే పరిగెత్తుకొస్తున్నాడు. ఆ జెండా ఊపింది నా వల్లే, నా వెనక వస్తున్నవాళ్లకి చూపించడానికి. జెండాల క్లాసు విలువ ఆ రోజు తెలిసింది.

తప్పు నాదే. బ్రేక్ ఆయిల్ మూడేళ్లుగా మార్చలేదు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, పీల్చుకునేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీలు తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ లెక్క 155కి పడిపోతుంది. వెళ్లే ముందు వారంలో కొత్త ఆయిల్ పోయించు, ప్యాడ్లు సగానికంటే ఎక్కువ ఉండాలి, వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించాలి, డిక్కీలో జాకీ నుంచి డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ దాకా ఊడేవన్నీ తీసెయ్. డ్రైవర్ కాళ్ల కింద మ్యాటు కూడా.

కార్ట్_అక్క (సికింద్రాబాద్)

ఎవరూ కార్టింగ్ పేరు ఎత్తలేదేంటి? స్విఫ్ట్ తమ్ముడూ, చెన్నై దాకా వెళ్లే ముందు మన ఊళ్లో గో కార్ట్ ఎక్కు. వారం మధ్యలో వెళితే జనం ఉండరు, ఎక్కువ ల్యాపులు దొరుకుతాయి.

కార్ట్‌లో సస్పెన్షన్ ఉండదు, వెనక యాక్సిల్ ఒకటే ముక్క, మలుపులో రెండు చక్రాలనీ వేరు వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. నువ్వు చేసే ప్రతి తప్పూ నేరుగా నడుముకి తగులుతుంది. నేను 34 ఏళ్లకి మొదలుపెట్టాను, పాపకి అప్పుడు నాలుగేళ్లు. మొదటి నెలంతా మలుపులోకి మరీ వేగంగా దూరి, అడ్డంగా జారి, పక్కనుంచి పదిహేనేళ్ల పిల్లలు దాటిపోతుంటే ఏడుపొచ్చేది. అక్కడ పనిచేసే అబ్బాయి ఒక రోజు ఒకే మాట చెప్పాడు, "అక్కా, మీరు టైర్ గోడని చూస్తున్నారు, అందుకే దాని దగ్గరికే వెళ్తున్నారు" అని. ఆ రోజు కళ్లు మలుపు చివరకి తిప్పాను, రెండు సెకన్లు తగ్గింది. చేతులు చూపు వెంట పోతాయి. కారుకీ అదే, డ్రిఫ్ట్‌కీ అదే.

26 ఆలస్యమా అని అడిగావు. ఫార్ములా వన్‌కి ఆలస్యం. బండి బాగా నడపడానికి కాదు.

మియాటా_శాక్రమెంటో (కాలిఫోర్నియా)

మాది తెనాలి, ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. డ్రిఫ్ట్ గురించి నేను రాస్తా, ఎందుకంటే ఆ అర సెకను నాకూ బాగా తెలుసు.

అక్క చూపు గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇక్కడ ముందు ఆటోక్రాస్ చేశాను. పెద్ద పార్కింగ్ లాట్‌లో కోన్లు పెడతారు, ఒక్కొక్కరుగా వెళ్లాలి, దాదాపు అంతా రెండో గేరులోనే, నిమిషంలో అయిపోతుంది, కొట్టుకుంటే ప్లాస్టిక్ కోనే. తర్వాత పాత మియాటా కొన్నాను, అమెరికా బయట మజ్దా ఎంఎక్స్ 5 అంటారు. తేలిక, వెనక చక్రాలు, విడిభాగాలు చవక.

మొదటి డ్రిఫ్ట్ క్లాసు థండర్‌హిల్ అనే ట్రాక్‌లో, స్కిడ్‌ప్యాడ్ (బండి జారించి నేర్చుకునే ఖాళీ నేల) మీద. ట్యాంకర్‌తో నీళ్లు కొట్టి నేలంతా తడిపారు. మధ్యలో ఒక్క కోన్. ఎందుకు తడుపుతారంటే తడి మీద తక్కువ వేగంలోనే బండి జారుతుంది, టైర్లు అరగవు, తప్పు చేస్తే తిరిగి ఆగిపోతుందంతే. మొదటి గేరులో కోన్ చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ, స్టీరింగ్ కొంచెం లోపలికి పెట్టి, యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా ఇవ్వమన్నాడు ఇన్‌స్ట్రక్టర్. ఇచ్చాను. వెనక భాగం బయటికి వెళ్లింది, నేను భయపడి కాలు మొత్తం తీసేశాను, టైర్లు ఒక్కసారి పట్టుకుని బండి రెండో వైపుకి విసిరింది. పదిహేను సార్లు ఇదే. ఆయన పక్క సీట్లోంచి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుని, "స్టీరింగ్ వదిలెయ్, అదే తిరుగుతుంది" అన్నాడు. నమ్మలేదు. వదిలాను. స్టీరింగ్ నా అరచేతుల మధ్యలోంచి సర్రున తిరిగి, బండి ఎటు జారుతోందో అటే ముందు చక్రాలు తిరిగి ఆగాయి. ముందు చక్రాల అమరికలో ఉండే క్యాస్టర్ అనే వాలు వల్ల అలా జరుగుతుంది. సరైన చోట పట్టుకోవడమే మన పని. బొటనవేళ్లు స్టీరింగ్ పుల్లల లోపల ఉంచకూడదు, విరుగుతాయి.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి మొదటిసారి కోన్ చుట్టూ ఒక పూర్తి చక్కర్ కొట్టాను, వెనక జారుతూనే. కాలి కింద యాక్సిలరేటర్ ఒక మిల్లీమీటరు నొక్కితే చక్కర్ పెద్దదవుతుంది, వదిలితే చిన్నదవుతుంది. ఆ స్పర్శ దొరికిన క్షణం మాటల్లో చెప్పలేను.

క్రమం ఇది: మొదట కోన్ చుట్టూ చక్కర్లు, రెండు వైపులా. తర్వాత రెండు కోన్ల మధ్య ఎనిమిది అంకె, ఇదే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే బరువు ఒక వైపు నుంచి రెండో వైపుకి మారే క్షణంలోనే అందరం గిరగిరా తిరుగుతాం. ఇది ఎడమకీ కుడికీ నిద్రలో కూడా వచ్చాకే మలుపులోకి దూరడం. దానికి క్లచ్ కిక్ (క్లచ్ తొక్కి ఒక్కసారిగా వదలడం), హ్యాండ్‌బ్రేక్, ముందు అవతలి వైపుకి ఊపి ఇవతలికి విసరడం, ఇలా రకరకాలు ఉన్నాయి. వీడియోల్లో చూపించేది చివరి మెట్టు, కింద ఉన్న మెట్లు ఎవరూ చూపించరు. నాకు ఎనిమిది అంకె రావడానికే ఆరు నెలలు పట్టింది, నెలకి ఒక రోజు వెళితే.

మామూలు డిఫరెన్షియల్‌తో లోపలి చక్రం ఒక్కటే గిరగిర తిరిగి పొగ వస్తుంది కానీ బండి నిలకడగా జారదు. తడి మీద నేర్చుకునేటప్పుడు ఎలాగో నడుస్తుంది, పొడి నేల మీదికి వచ్చాక రెండు చక్రాలకీ బలం అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కావాలి. ఇక్కడ కుర్రాళ్లు డబ్బు లేక మామూలు డిఫరెన్షియల్‌కే వెల్డింగ్ పెట్టిస్తారు.

ఆటోనగర్_షెడ్డు (విజయవాడ)

వెల్డింగ్ పెట్టిన బండి రోడ్డు మీద నడపకూడదు తమ్ముళ్లూ. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సి వస్తుంది కాబట్టి ప్రతి మలుపులో టైరు ఈడ్చుకుపోతుంది, వానలో చెప్పకుండా జారుతుంది, షాఫ్ట్ ఎప్పుడు విరుగుతుందో తెలియదు. ట్రాక్‌కి ట్రాలీ మీద తీసుకెళ్లే బండికైతే సరే.

టోక్యో_లోకల్

కాస్త చరిత్ర. డెబ్భైల్లో జపాన్‌లో కునిమిత్సు తకహాషి అనే రేసర్ మలుపుల్లో బండిని జారిస్తూ వేగంగా బయటికొచ్చేవాడు. అది చూసి కొండ రోడ్ల మీద సాధన చేసినవాడు కెయిచి త్సుచియా. ఆయన పేరుతో పాటే టొయోటా ఏఈ86 కారు పేరు కూడా నిలిచిపోయింది. ఇదంతా ఆటగా మారి డీ1 గ్రాండ్ ప్రి పోటీలు 2001లో మొదలయ్యాయి, అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ 2004లో. కొండ రోడ్ల మీద పుట్టింది కదా అని వాదించేవాళ్లకి ఒకటే చెప్తా, ఇక్కడ ఇప్పుడు నేర్చుకునేవాళ్లు సర్క్యూట్‌కే వెళ్తారు. నేను ఫుకుషిమా జిల్లాలో ఉన్న ఎబిసు సర్క్యూట్‌కి వెళ్లాను. కొండ మీద ఒకే చోట చిన్నా పెద్దా చాలా కోర్సులు ఉంటాయి. నేర్చుకునే చోట అరవై ఏళ్ల పెద్దాయన నాకంటే బాగా ఎనిమిది అంకె వేస్తున్నాడు.

నైట్‌షిఫ్ట్_స్విఫ్ట్ (హైదరాబాద్)

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. బాబాయ్ గారూ, మీ మెసేజ్ మా ఫ్రెండ్స్‌కి చదివి వినిపించాను. ఒకడు వెళ్లడం మానేస్తానన్నాడు. నాన్నకి రిమ్ము సంగతి నిజం చెప్పేశాను. వెనక బేరింగు పోయిందని షెడ్డులో తేలింది, మార్పించాను.

రెండు డౌట్లు. సిమ్యులేటర్ పనికొస్తుందా? ఒక ఫ్రెండ్ దగ్గర వీల్, పెడల్స్ సెట్ ఉంది. రెండోది, పాత బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్ సెకండ్‌హ్యాండ్‌లో కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకే కనిపిస్తోంది. వెనక చక్రాల బండి కదా, డ్రిఫ్ట్‌కి కొనొచ్చా?

చెన్నై_ల్యాప్‌టైమ్

సిమ్ తప్పకుండా పనికొస్తుంది. ట్రాక్ లైన్లు, బ్రేక్ పాయింట్లు, ఎప్పుడు ఎక్కడ చూడాలి, ఇవన్నీ అసెట్టో కోర్సా అనే రేసింగ్ గేమ్‌లో పైసా టైరు ఖర్చు లేకుండా వంటబడతాయి. రానిది ఒకటే, నడుము కింద బండి కదలిక. సిమ్‌లో వెనక జారిందని కళ్లకి తెలుస్తుంది, కారులో కళ్లకంటే ముందు సీటుకి తెలుస్తుంది.

మలుపు లైన్ ఇప్పుడే అలవాటు చేసుకో: బయటి అంచు నుంచి మొదలుపెట్టు, బ్రేక్ తిన్నగా ఉన్నప్పుడే ఎక్కువ తొక్కెయ్, లోపలి అంచుని కాస్త ఆలస్యంగా తాకు, స్టీరింగ్ విప్పుతూ యాక్సిలరేటర్ ఇస్తూ బయటి అంచుకి వదిలెయ్. లోపలికి నెమ్మదిగా వెళ్లినవాడే బయటికి వేగంగా వస్తాడు.

ఆటోనగర్_షెడ్డు (విజయవాడ)

పాత జర్మన్ బండి కొనే ధర వేరు, ఉంచుకునే ధర వేరు. ఒక్క సెన్సార్, ఒక్క కూలెంట్ పంపు పోతే నీ నెల జీతం ఆవిరి. ఎక్కువ భాగం ఆటోమేటిక్, కాబట్టి క్లచ్ కిక్ మాట మర్చిపో. ఇంకా నీకు బ్రేక్ ఎక్కడ తొక్కాలో రాదు. సంవత్సరం స్విఫ్ట్‌తో తిరుగు, తర్వాత అడుగు, నేనే నీతో వచ్చి బండి చూస్తా.

నైట్‌షిఫ్ట్_స్విఫ్ట్ (హైదరాబాద్)

నాలుగు నెలల తర్వాత రాస్తున్నా. పదకొండు రోజులు కార్టింగ్, పోయిన ఆదివారం చెన్నైలో మొదటి ట్రాక్ డే.

మొదటి సెషన్ ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చున్నారు. రెండో ల్యాపులో ఆయన అడిగిన ప్రశ్న, "ఊపిరి పీలుస్తున్నావా?" అని. నిజంగానే పీల్చడం లేదు. స్టీరింగ్ ఎంత గట్టిగా పట్టుకున్నానంటే సాయంత్రం అరచేతులు తెరుచుకోలేదు. మూడో సెషన్‌లో ఒక మలుపు మధ్యలో భయపడి కాలు తీశాను, వెనక భాగం కొంచెం తేలిపోయింది, అదే అర సెకను మళ్లీ వచ్చింది. ఈసారి కళ్లు మలుపు చివరనే ఉన్నాయి, బ్రేక్ తొక్కలేదు, షెడ్డు అన్న చెప్పినట్టు కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చాను. బండి తిన్నగా అయింది. హెల్మెట్ లోపల గట్టిగా అరిచాను. ల్యాప్ టైమ్ ఎంతో చూసుకోలేదు కూడా.

ఒక తప్పు చేశాను. సెషన్ అయ్యాక పిట్‌లో అలవాటుగా హ్యాండ్‌బ్రేక్ వేశాను, ఒకాయన పరిగెత్తుకొచ్చి తీయించారు.

చెన్నై_ల్యాప్‌టైమ్

వేడి మీద హ్యాండ్‌బ్రేక్ వేస్తే కాలుతున్న లైనింగులు బిగుసుకుని అక్కడే వేడి నిలిచిపోతుంది, పట్టేస్తాయి కూడా. గేరులో పెట్టి చక్రం కింద రాయో చెక్కో పెట్టాలి. ఆఖరి ల్యాపు బ్రేక్ తొక్కకుండా నెమ్మదిగా తిరిగి రావాలి, అప్పుడు అన్నీ చల్లబడతాయి. టైర్ గాలి చూసుకున్నావా?

నైట్‌షిఫ్ట్_స్విఫ్ట్ (హైదరాబాద్)

పొద్దున చల్లగా ఉన్నప్పుడు 33 పెట్టాను. సెషన్ అయ్యాక ముందు టైర్లు 40 చూపించాయి. మధ్యాహ్నం నుంచి ముందు భాగం మలుపుల్లో బయటికే పోయింది.

చెన్నై_ల్యాప్‌టైమ్

ఎక్కువైంది. ఈసారి వేడి మీద ఉన్నప్పుడే ముందు వాటిల్లో నాలుగు తగ్గించి చూడు. టైరు భుజం మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి మూడు ల్యాపులు తిరిగి రా. అంచు మీద ఉన్న చిన్న త్రికోణం గుర్తు దాకా సుద్ద చెరిగితే సరిపోయినట్టు, అది దాటి కిందికి చెరిగితే గాలి తక్కువ, అక్కడి దాకా రాకపోతే ఇంకా ఎక్కువ ఉన్నట్టు. వచ్చేటప్పుడు సుద్దముక్కలు నేను తెస్తా, గేజీ మాత్రం నీది తెచ్చుకో.